పడిన తేదీ, లేచిన తేదీ

మా గెడ్డపాలెం హైస్కూలు ఆడపిల్లల కబడ్డీ జట్టుకి పెద్ద జబ్బు చేసిందని ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి నాకు తెలిసింది. జబ్బు పేరు గెలుపు. మూడేళ్ళుగా లోలోపల ముదిరిపోయిందట. కనిపెట్టింది నేను కాదు. నేను ఉత్త డ్రిల్లు మాస్టర్ని, విజిలు ఊదడం, పిల్లల మోకాళ్ళకి టింక్చరు రాయడం తప్ప వైద్యం తెలియనివాణ్ణి. జిల్లా కేంద్రం నుంచి పదకొండు పేజీల ఉత్తర్వు వచ్చి చెబితేనే తెలిసింది.

క్రీడల్లో రాణించే పిల్లలు బడి దాటాక జీవితంలో మొదటి దెబ్బకే కుప్పకూలిపోతున్నారని పైవాళ్ళకి బెంగ పట్టుకుంది. కనుక ఇకమీదట రాష్ట్ర క్రీడా వసతి కళాశాలలో సీటు కావాలంటే ఎన్ని కప్పులున్నా చాలదు, పడి లేచిన అనుభవం ఉండాలి. దానికి ఉత్తర్వు పెట్టిన పేరు ‘పతనోత్తర పునరుత్థాన సామర్థ్యం’. అభ్యర్థి కనీసం మూడుసార్లు ఓడిపోయి, మూడుసార్లూ కోలుకున్నట్టు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రాలు జతచేయాలి. అందులో ఐదు గళ్ళు: ఓడినవారు, గెలిచినవారి సంతకం, సాక్షి, పడిన తేదీ, లేచిన తేదీ. రెండు తేదీల మధ్య మూడు రోజులకు తగ్గకుండా, పదిహేను రోజులకు మించకుండా వ్యవధి ఉండాలి. పడినరోజే లేచినవాళ్ళని అసలు పడనట్టే భావిస్తారని అడుగున గమనిక కూడా వేశారు.

మా జట్టులో ఆరుగురు ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల పిల్లలు. వాళ్ళకింకా ఓడిపోవడానికి వయసుంది. చిక్కంతా గనివాడ గౌరీశ్వరితోనే. గౌరి పదో తరగతి, జట్టుకి నాయకురాలు. మూడేళ్ళలో ఒక్క ఆట ఓడలేదు. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొడుతుంది. ఆ జీడి అంటి వేళ్ళు నల్లబడి తోలు ఊడిపోతూ ఉంటుంది. సీటు వస్తే గౌరికి రెండేళ్ళు తిండి, బస, చదువు, ఆట, ఆ తర్వాత రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగానికి దారి. రాకపోతే పరీక్షలైన సోమవారం నుంచీ అమ్మ పక్కన పీట. బట్టీ మేస్త్రీ ఆ పీట చూపించి కూడా ఉంచాడు.

ఉత్తర్వు అర్థం చేసుకోవడానికి మా వ్యాయామోపాధ్యాయులందరికీ రెండు రోజుల శిక్షణ పెట్టారు. శిక్షణ ఇచ్చినవారు జిల్లా సమన్వయాధికారి డాక్టర్ పరాంకుశం గారు. ఆయన పతనం మీదే పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నారు. ఆటల్లో ఆయన జీవితంలో ఎన్నడూ ఓడిపోలేదు, ఎందుకంటే ఎన్నడూ ఆడలేదు. రాగానే జేబులోంచి రబ్బరు బంతి తీసి నేలకేసి కొట్టారు. అది లేచి ఫ్యానుకి తగిలి, ముందు వరసలో ఉన్న సింహాచలం టీ గ్లాసులో పడింది.

“బంతి ఎందుకు లేచింది? పడినది కనుక లేచింది. పతనమే ఉత్థానానికి మాతృక. ఇది రాసుకోండి,” అన్నారు.

అందరం రాసుకున్నాం. సింహాచలం కూడా గ్లాసులోంచి బంతి తీసి తుడిచి రాసుకున్నాడు. నేను మెల్లిగా లేచి, మా పిల్ల ఒకతె అసలు పడలేదండీ, ఆ పిల్ల గతేమిటని అడిగాను. ఆయన నావైపు క్షయ రోగి తండ్రివైపు డాక్టరు చూసినట్టు చూశారు. ఎడతెరిపి లేని విజయం ప్రమాదకర శ్రేణి కిందికి వస్తుందనీ, సదరు అభ్యర్థినికి తక్షణ పతన సదుపాయం కల్పించవలసిన బాధ్యత పాఠశాలదేననీ చెప్పి, మా గెడ్డపాలెం పేరు ఎదురుగా ఎర్ర చుక్క పెట్టారు. పచ్చ చుక్క పడింది బూరగవలసకి. సింహాచలం ఆ బడి డ్రిల్లు మాస్టరే. పదకొండేళ్ళుగా వాళ్ళ జట్టు మొదటి రౌండు దాటలేదు. రెండోరోజు సాయంత్రం ఆయనకి శాలువా కప్పి, ఆదర్శ పాఠశాల షీల్డు ఇచ్చి, ‘నిరంతర పతనం: నా అనుభవాలు’ అన్న విషయం మీద మాట్లాడించారు. ఆయన మాట్లాడుతూ ఇదంతా పిల్లల కృషేనని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

శిక్షణ ముగిసిన వారం నుంచి మా బడికి జాతర మొదలైంది. ఓడిపోవాలంటే ఎదుట గెలిచేవాళ్ళు కావాలి కదా. జిల్లాలో నమ్మకంగా గెలిచే జట్టు మాదొక్కటే. ఆటోల్లో, ట్రాక్టర్లలో, ఒక బడివాళ్ళయితే పెళ్ళి బస్సు మాట్లాడుకుని మరీ వచ్చారు. రోజుకి మూడేసి ఆటలు. వచ్చినవాళ్ళు నవ్వుతూ ఓడిపోయి, పెట్టిన పులిహోర తిని, మా గౌరి దగ్గర వరసలో నిలబడి గెలిచినవారి సంతకం పెట్టించుకుని వెళ్ళేవారు. గౌరి మొదట్లో పూర్తి పేరు రాసేది, తర్వాత పొడి అక్షరాలకి దిగింది. నెల తిరిగేసరికి నూట నలభై రెండు పత్రాల మీద సంతకం పెట్టింది. జిల్లాలో సీటుకి అర్హత ఉన్న ప్రతి ఆడపిల్లా మా గౌరి చేతిమీదుగా పడినదే. అర్హత లేనిది మా గౌరి ఒక్కతే.

ఈలోగా ఉత్తర్వు రెండో భాగం అమలు చేయాలని హెడ్మాస్టరు కామేశం గారు పట్టుపట్టారు. ఆయనకి ఇంకా ఎనిమిది నెలల సర్వీసుంది, ఏ కాగితమూ పెండింగులో ఉండకూడదంటారు. రెండో భాగం పేరు ‘క్రీడానంతర జీవిత సంసిద్ధత’. అంటే ఆట నుంచి రిటైరైనరోజు క్రీడాకారిణి తట్టుకోగలగాలి కనుక ముందే అలవాటు చేయాలి. శనివారం ప్రార్థన తర్వాత మా పిల్లలు ఏడుగురినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, దండలు వేసి, ఒక్కొక్కరి చేతా వీడ్కోలు ప్రసంగం చేయించారు. పన్నెండేళ్ళు నిండిన పిల్ల ఒకతె ఇంతకాలం నన్ను ఆదరించిన అభిమానులకి అని మొదలుపెట్టి దండలో మొహం దాచుకుంది. కామేశం గారు తన రోజు కూడా దగ్గర్లోనే ఉందని గుర్తొచ్చి పక్కకి తిరిగి కళ్ళు ఒత్తుకున్నారు. గౌరి వంతు వచ్చినప్పుడు మాత్రం, తనింకా మొదలే పెట్టలేదనీ, మొదలెట్టనివ్వండనీ చెప్పి కూర్చుంది.

ఇక దరఖాస్తు గడువుకి ముప్ఫై ఐదు రోజులే ఉన్నాయి. నేను సైకిలేసుకుని బూరగవలస వెళ్ళి, ముందు ఒక్క ఆటైనా మామీద గెలవమని సింహాచలాన్ని బతిమాలాను. ఆయన కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాడు గానీ పని కాదన్నాడు.

“పదకొండేళ్ళ పేరు గురువుగారూ. ఒక్క ఆట గెలిస్తే పచ్చ చుక్క ఎగిరిపోద్ది. ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలనా?” అన్నాడు.

మిగతా బళ్ళదీ అదే మాట. గెలిస్తే తమ పిల్లల లెక్క ఎక్కడ తప్పుతుందో అని ఎవరికి వాళ్ళకి భయం. చివరికి ఈదులపేట వాళ్ళు ఆటకి ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారా అని ఆరా తీస్తే, వాళ్ళ నాయకురాలికి మూడో ఓటమి ఇంకా బాకీ ఉందట. అంటే వాళ్ళూ ఓడిపోవడానికే వస్తున్నారు. అయినా వేరే గతి లేక తేదీ ఖాయం చేశాం.

ఇరవై రెండేళ్ళు గెలవడం నేర్పినవాణ్ణి, ఓడిపోవడం నేర్పడానికి నానా తంటాలు పడ్డాను. పొద్దున్నే ఆరింటికి సాధన. కూతకెళ్ళిన పిల్ల ఎదుటి గీత దాటగానే నోరు మూసుకోవాలి, కూత ఆగితే అవుటు. పట్టుకి నిలబడ్డ పిల్ల తనంతట తనే పక్క గీత దాటి బయటికి నడవాలి, అదీ అవుటే. చిన్నపిల్లలు రెండురోజుల్లో పట్టేశారు. గౌరి వల్ల కాలేదు. కూత మొదలెడితే దాని నోరు దాని మాట వినదు. గాలి ఉన్నంతసేపూ కబడ్డీ కబడ్డీ అంటూనే ఉంటుంది. నోట్లో బెల్లం ముక్క పెట్టి చూశాను. బెల్లంతో సహా కూసింది.

“నానేటి సేత్తాను మాస్టారండి, అది దానంతటదే వచ్చెత్తంది. ఆపితే ఊపిరాగిపోయినట్టుంటంది,” అని తల దించుకుంది.

సాయంత్రం అప్పలనరసమ్మ బడికొచ్చింది. బట్టీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకి బూడిద. కూతురు ఏం తప్పు చేసిందని సీటు ఇవ్వటం లేదని అడిగింది. గెలిచిందని చెప్పాను. మరి ఇన్నాళ్ళూ గెలవమని మీరే కదా బాబూ కర్రుచ్చుకు తరిమారు అంది. నాకు సిగ్గేసింది.

ఆట రోజు పరాంకుశం గారు స్వయంగా పరిశీలనకి వచ్చారు. ప్రమాదకర శ్రేణి పాఠశాలలో తొలి పతనాన్ని చూసి నివేదిక రాయాలట. రంగు కుర్చీలో కూర్చుని, ఊరి జనాన్ని ఉద్దేశించి, ఇది ఓటమి కాదు, నియంత్రిత అవరోహణ అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. గౌరిని కూతకి పంపకుండా వెనక మూల నిలబెట్టాను. అక్కణ్ణించి కదలొద్దని ఒట్టు వేయించుకున్నాను.

విజిలు ఊదారు. ఈదులపేట పిల్ల మా వైపు వచ్చింది, గీత దాటగానే నోరు మూసుకుని నిలబడింది. మాకు ఒక పాయింటు. మా పిల్ల వెళ్ళింది, అదీ నోరు మూసుకుంది. వాళ్ళకి ఒకటి. మళ్ళీ వాళ్ళ పిల్ల వచ్చి ఈసారి కూతే మొదలెట్టలేదు. మా పట్టు పిల్లలు ఇద్దరు ఆ పిల్లకంటే ముందే చేతులు పట్టుకుని బయటికి నడిచిపోయారు. వాళ్ళు వెళ్ళడం చూసి ఈదులపేట వాళ్ళు ముగ్గురు వెళ్ళిపోయారు. ఒక దశలో కోర్టులో గౌరి తప్ప ఎవరూ లేరు. రెండు జట్లూ బయట వేపచెట్టు నీడన కూర్చుని ఒకరి జడలు ఒకరు అల్లుకుంటున్నారు. రిఫరీ రూల్సు పుస్తకం తీసి రెండువైపుల నుంచీ తిరగేశాడు. చూడడానికి వచ్చిన ముసలాయన ఒకడు, ఇంత మర్యాదగల ఆట తన జన్మలో చూడలేదన్నాడు.

పూర్తి సమయానికి ముప్ఫై నాలుగు, ముప్ఫై నాలుగు. సరిసమానం. సమానం చెల్లదు, ఇద్దరూ పడనట్టే అని ఉత్తర్వులో ఉంది. ఇక ఆఖరి కూత ఒక్కటే దారి. ఎవరు వెళ్ళాలో తేల్చడానికి బొమ్మా బొరుసూ వేశారు, అందులో కూడా మేమే గెలిచాం. పరాంకుశం గారు లేచి, దరఖాస్తుదారు స్వయంగా పతనం చెందితేనే పత్రం చెల్లుతుంది కనుక సదరు గౌరీశ్వరే కూతకి వెళ్ళాలని నిర్దేశించారు.

గౌరి నావైపు చూసింది. నోరు మూసుకో తల్లీ అని సైగ చేశాను. తల ఊపింది. గీత దాటి, తిన్నగా ఈదులపేట కోర్టు మధ్యకి వెళ్ళి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ నోట్లోంచి కబడ్డీ కబడ్డీ ఆగలేదు. చేత్తో నోరు మూసుకుంది, వేళ్ళ సందుల్లోంచి వస్తోంది. ఇది చూసి ఈదులపేట వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. కూత పిల్లని ముట్టుకున్నవాళ్ళు, ఆ పిల్ల తిరిగి సొంత గీత చేరితే అవుట్లే కదా. ఏడుగురూ ఒక్కసారి పరుగున వచ్చి, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే, పల్లకిలో పెళ్ళికూతుర్ని ఎత్తినట్టు ఎత్తుకుని, మధ్య గీత దాకా మోసుకొచ్చి మా వైపు జాగ్రత్తగా దింపి వెళ్ళారు. గౌరి దారంతా కూస్తూనే ఉంది.

ఏడుగురు అవుట్. ఏడు పాయింట్లు. అందరూ అవుటైనందుకు పైన ఇంకో రెండు. మేము తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచాం. ఈదులపేట పిల్లలు ఒకరినొకరు కౌగిలించుకుని గంతులేశారు. మా పిల్లలు ఏడ్చారు. అలవాటు చొప్పున గౌరి అక్కడే నిలబడి వాళ్ళ నాయకురాలి పత్రం మీద సంతకం పెట్టింది, నూట నలభై మూడోది. పరాంకుశం గారు నివేదికలో ‘అభ్యర్థిని పతన ప్రయత్నం విఫలం’ అని రాసుకుని జీపెక్కారు.

గడువుకి పదిహేడు రోజులున్నాయి. ఓటములు లేకుండానే దరఖాస్తు పంపించాం, దేవుడి మీద భారం వేసి. రెండో రోజుకల్లా తిరిగొచ్చింది. ‘పతనానుభవ రాహిత్యం వలన తిరస్కరించడమైనది’ అని ఎర్ర సిరా ముద్ర, కింద పరాంకుశం గారి సంతకం ఆకుపచ్చ సిరాతో, పక్కన సాక్షిగా ఆయన బంట్రోతు సంతకం, తేదీ. కాగితం పట్టుకుని స్టాఫ్ రూములో కూలబడ్డాను. గౌరిని పిలిచి చూపించాను. దాని మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

గౌరి ఏడవలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. జిల్లాలో ఆ నమూనా గళ్ళు దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

“మాస్టారండి, నాను సీటు కోసరం యెల్లాను. ఆ సారు ఇవ్వనన్నారు. అంటే ఓడిపోయింది నానే కదా? గెలిచినోరి సంతకం ఉంది. సాక్షి ఉన్నాడు. తేదీ ఉంది. ఇంకేటి కావాలి?” అంది.

ఇరవై రెండేళ్ళ సర్వీసు, రెండురోజుల శిక్షణ, ఒక శాలువా సభ, ఇంత జరిగినా నా బుర్రకి తట్టలేదు. లేచిన తేదీ కోసం మూడు రోజులు ఆగాం. నాలుగో రోజు లేచి మళ్ళీ అదే దరఖాస్తు పంపాం. తిరస్కరించారు. మళ్ళీ మూడు రోజులు ఆగాం, మళ్ళీ పంపాం. మళ్ళీ తిరస్కరించారు, ఈసారి ఇదివరకే రెండుసార్లు తెలియజేయడమైనది అని కోపంగా ఒక వాక్యం కూడా కలిపారు. కామేశం గారు ఆ వాక్యాన్ని కళ్ళకద్దుకున్నారు, ముందు రెండు పతనాలకీ అధికారిక ధ్రువీకరణ దొరికిందని. మూడోసారి పడి లేచాక, గడువుకి ఒక్కరోజు ముందు, ఐదు గళ్ళూ గీసి నింపిన మూడు తిరస్కరణ కాగితాలూ జతచేసిన నాలుగో దరఖాస్తు పట్టుకుని నేనూ గౌరీ స్వయంగా వెళ్ళాం.

పరాంకుశం గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఓడినవారు: గనివాడ గౌరీశ్వరి. గెలిచినవారు: డాక్టర్ పరాంకుశం. సంతకం తనది కాదని అనడానికి లేదు. ఆకుపచ్చ సిరా ఆ ఆఫీసులో ఇంకెవరికీ లేదు. తిరస్కరిద్దామని కలం ఎత్తారు. తిరస్కరిస్తే అది నాలుగో ఓటమి అవుతుందనీ, అభ్యర్థిని అర్హత ఇంకా పెరుగుతుందనీ గుర్తొచ్చి దించారు. టీ తెప్పించుకున్నారు. తాగి, మూడు పతనాల నుంచి ఏం నేర్చుకున్నావని గంభీరంగా అడిగారు.

“ప్రతి కాగితం మూడు జెరాక్సులు తీయించి ఉంచుకోవాలని నేర్చుకున్నానండి,” అంది గౌరి.

ఆయన మళ్ళీ కలం ఎత్తి ‘విశిష్ట పునరుత్థానం, సిఫార్సు చేయడమైనది’ అని రాశారు. ఎర్ర చుక్క చెరిపి పచ్చది పెట్టారు. ఆ తర్వాత ఒక సభలో నిర్వాహకులు ఆయన పరిచయ పత్రం చదివారు. జిల్లా మేటి కబడ్డీ క్రీడాకారిణిని వరసగా మూడుసార్లు ఓడించినవారని అందులో కొత్తగా చేరి ఉంది.

జూన్‌లో గౌరి వెళ్ళింది. మొదటి ఆదివారం మధ్యాహ్నం హాస్టలు నుంచి ఫోను చేసింది. కబడ్డీకి మన జిల్లా నుంచి చేరినవాళ్ళు పన్నెండుమంది, తను కాక పదకొండుమంది దగ్గరా తన సంతకం పెట్టిన పత్రాలే ఉన్నాయంది. చూడగానే అందరూ లేచి నిలబడ్డారట. అక్కడి శిక్షకుడు తలపట్టుకుని, వీళ్ళంతా పడటంలో ఉద్దండులు, ముందు వీళ్ళకి పట్టు నేర్పు అని గౌరికి అప్పజెప్పాడట. అప్పలనరసమ్మ నా పక్కనే నిలబడి, అన్నం ఎలా పెడుతున్నారో అడగమంది. అడిగాను. రెండోసారి కూడా వడ్డిస్తున్నారని చెప్పింది.

నెల్లాళ్ళు పోయాక మళ్ళీ ఆదివారం ఫోను వచ్చింది. ఈసారి గొంతు బొంగురుగా ఉంది. పక్క జిల్లా పిల్లలతో ఆట పెట్టారట. ప్రాణం పెట్టి ఆడినా రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారట. ఆఖరి కూత తనదేనట, మడమ పట్టుకుని లాగేశారట. గౌరి నిజంగా ఓడిపోవడం నేనెప్పుడూ వినలేదు.

“మరేం చేశావమ్మా?” అన్నాను.

“ఏడిసినాను. తర్వాత అన్నం పెట్టినారు, తిన్నాను. సాయంత్రం మళ్ళీ కోర్టులోకి ఎల్లినాను, మడమ ఎందుకు దొరికిపోయిందో చూసుకుందామని,” అంది. మళ్ళీ తనే, “మాస్టారండి, అదేరోజు లేచినాను. చెల్లదు కదా?” అంది.

చెల్లుతుందన్నాను. ఎవరి సంతకం తీసుకోవాలని అడిగింది. ఎవరిదీ అక్కర్లేదమ్మా, మళ్ళీ ఎప్పుడు ఆట అన్నాను. ఎల్లుండి, వాళ్ళతోనే అని చెప్పి, సాధనకి టైమైందని ఫోను పెట్టేసింది.